జానెడు

ముందు సీటు వెనక్కి తోసి, మెడ మెలితిప్పి
డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకున్నాను.
నోట్లో టార్చిలైటు. చెవిలో చెమట.
కంచరపాలెం మెట్టు, మే నెల, మధ్యాహ్నం మూడు.
ఉక్కకి చొక్కా రబ్బరు మ్యాటుకి అంటుకుని
కదిలినప్పుడల్లా కవరు మీద స్టాంపు ఊడదీసిన చప్పుడు.

కారు పైడయ్య గారిది.
షిప్‌యార్డులో ముప్ఫై ఒక్క ఏళ్ళు
ఓడల పొట్టల్లో కేబుళ్ళు పరిచిన మనిషి.
ఇప్పుడాయన చేతిలో అగ్గిపెట్టెంత మ్యూజిక్ ప్లేయరు,
దానికో నల్ల వైరు.
ఇన్నాళ్ళూ అది గేరు రాడ్డుకి చుట్టుకుని
మూడో గేరు వేసిన ప్రతిసారీ
పాట నోరు నొక్కేసేదట.
"కనపడకూడదు," అన్నారు. అంతే.
స్టూలు లాక్కుని తలుపు పక్కనే కూర్చున్నారు.

గడప మీది ప్లాస్టిక్ పట్టీ లేపాను.
సముద్రపు గాలి తినేసిన స్క్రూ ఒకటి
తల చిట్లి, రానంటే రానంది.
కొబ్బరినూనె చుక్క వేసి, బతిమాలి, తిట్టి, తీశాను.
తివాచీ అంచు ఎత్తితే చారెడు రుషికొండ ఇసుక.
ఇసుకలో ఒక చేప పొలుసు,
ఇంకా మెరుస్తూనే ఉంది.
"పండుగప్పది," అన్నారు వంగి చూసి,
"సంచీ సిరిగిపోనాది ఆ రోజు."

కుడి పక్కనుంచి దింపాను.
డిక్కీలోకి పోయే లావు ఎర్ర వైరు అప్పటికే అక్కడుంది,
దానికి తోడుగా ఇదీ.
నాలుగంగుళాలకో ట్యాగు.
ట్యాగు తోకని కటింగ్ ప్లేయరుతో కోసి
కోసిన కొన గుచ్చుకోకుండా బొటనవేలితో తడిమి.
(మా షాపులో ఇదీ ప్లేయరే, అదీ ప్లేయరే.
ఒకటి పాడుతుంది, ఒకటి కోస్తుంది.)
అన్నీ మూసేశాక
నాకు తప్ప ఎవరికీ తెలీని చోట
ఎంత అందంగా ఉందో!

తాళం తిప్పారు.
తప్పెటగుళ్ళు. ఏదో జాతరలో ఆయనే రికార్డు చేసుకున్నది.
రేకుల మోత, గజ్జెలు, మధ్యలో ఎవరో దగ్గడం.
వాటి వెనకాల, సన్నగా, పిలవని పేరంటంలా ఒక ఈల.
యాక్సిలరేటర్ తొక్కితే ఈల మెట్లెక్కింది.
వదిలితే దిగింది.

పైడయ్య గారు తిట్టలేదు.
"కరెంటు వైరు పక్కన పాట వైరుని పడుకోబెట్టేసేవేటి నాయనా!
అది సెవిలో గొణక్కుండా ఉంటదేటి?"

పదహారు ట్యాగులు.
ఒక్కొక్కటీ నా చేత్తోనే కోశాను.

ఈసారి ఎడమ వైపు.
ఒక్క చోట మాత్రం రెండూ ఎదురుపడక తప్పదు.
"అడ్డంగా దాటించు. రైలు గేటు దాటినట్టు,
సూసుకుని, ఒక్కసారి. పక్కపక్కన నడవనీకు."
మూల దగ్గర నా వేళ్ళు పట్టలేదు.
స్టూలు మీంచి లేచి, మోకాళ్ళు పటపటమనిపిస్తూ
ఆయనే చెయ్యి దూర్చారు,
వెల్డింగు నిప్పు రవ్వల మచ్చలున్న చెయ్యి.
"మడత పెట్టకు. మలుపు తిప్పు.
సింహాచలం ఘాటు రోడ్డు సూణ్ణేదా?"

ఈ దారి దగ్గర. వైరు మిగిలింది.
కోసి అతుకుదామని ప్లేయరు ఎత్తితే, కోసే ప్లేయరు,
మణికట్టు పట్టుకున్నారు.
"జానెడు ఉండనీ."
"ఎందుకండీ?"
"రేపు ఇప్పేవోడికి."

చిన్న చుట్ట చుట్టి సీటు కింద దాచాను.
అప్పుడు తోచింది:
ఏ సముద్రాల మీదో తిరుగుతున్న ఇనప గోడల వెనక
పైడయ్య గారి జానెళ్ళు ఎన్ని ముడుచుకుని ఉన్నాయో,
పేరు తెలీని ఏ మెకానిక్కు కోసమో.
కొన్ని ఓడలు ఈపాటికి తుక్కయిపోయి ఉంటాయి,
చుట్టలు విప్పకుండానే.

ఈల లేదు.
దగ్గు మాత్రం చక్కగా వినిపించింది.

మూడు వందల యాభై అంటే మూడు వందలిచ్చి
"యాభై, నువ్వు నేర్చుకున్నందుకు," అన్నారు.
కారు ఊర్వశి జంక్షన్ వైపు మలుపు తిరిగింది,
మూడో గేరు పడింది, గజ్జెలు ఆగలేదు.

చీపురు తీశాను.
నేల మీద పదహారు తెగిన ట్యాగులు.
ఊడుస్తుంటే గలగలమంటాయేమోనని విన్నాను.
ప్లాస్టిక్కు కదా.