వానకు ముందు

హన్మకొండ నయీంనగర్ నెట్‌సెంటర్ల
పెన్‌డ్రైవ్ నిండ దించుకొని
దారం కట్టి, అంగి జేబుల వేసి
పైన చెయ్యి పెట్టుకొని కూసున్న.
పస్రా దాటినంక
ఫోన్ల మిగిలిన ఒక్క గీత
టేకుచెట్ల ఎనుక దిగిపోయింది.

మా ఆశ్రమ బడిల కంప్యూటర్లు నాలుగు.
మూడింటి మీద బియ్యం బస్తాలు.
నాలుగోది లినక్స్, లేస్తది.
లేవనీకి ఒక బీడీ కాలేంత సేపని
వాచ్‌మన్ పొట్టయ్య లెక్క.

తొమ్మిదో తరగతికి
వృత్తాలు గీసే సాఫ్ట్‌వేర్ ఎక్కియ్యాలె.
ఎక్కియ్యబోతె అంటది:
ఫలానాది ఉంటెనే నేనొస్త.
ఆ ఫలానాదాన్ని బతిమాలితె
దాని ఎనుక ఇంకో ఇద్దరు అలిగి నిలవడ్డరు.
ఎవల పేరు మరిచినా
పంచాయితి కూసోదు.

పేర్లన్ని బస్సు టికెట్ ఎనుక రాసుకున్న,
చుక్కతోని, గీతతోని, అంకెతోని.
ఒక్క చుక్క తప్పితె
రానుపోను కిరాయి, ఒక దినం జీతం.

రెండోసారి తెచ్చినయి అరవైనాలుగువి.
మా ముసల్దేమో ముప్పైరెండుది.
"కాలుకు రాని చెప్పు" అన్నడు పొట్టయ్య.
తెర మీది ఎర్రక్షరాలు
అంత మంచిగ చెప్పలేదు.

మూడోసారి పోదామంటె
వాగు రోడ్డెక్కింది.
బస్సు మూడు దినాల నుంచి లేదు.
పిల్లలు కంపాస్ ముల్లుతోని
బెంచీల మీద వృత్తాలు చెక్కుతున్నరు.
కుర్సం సునీత తలెత్తకుంటనే అడిగింది:
"దాని లోపట ఎతికిన్రా సార్?"

ఎతికిన.
అరల అర, దాంట్ల ఇంకో అర.
అడుగున ఒకటి, పేరు "వానకు ముందు".
తొమ్మిదేండ్ల కిందటి జూన్ తారీఖు.
నూటపద్నాలుగు ఫైళ్లు,
అన్ని ముప్పైరెండువే.
పక్కన రెండు వరుసల చీటి:
"పైనుంచి కిందికి ఎక్కియ్యాలె.
నాలుగుసార్లు తిరిగిన. ఓదెలు."

ఓదెలు ఎవలు?
పొట్టయ్య చూరు దిక్కు చూసిండు.
"సన్నగ ఉండె. బస్సెక్కితె వాంతులు.
నిమ్మకాయ వాసన చూసుకుంట పోతుండె."
అంతకంటె ఎరుకలేదు.

పైనుంచి కిందికి ఎక్కిచ్చిన.
ఎవలూ అలగలేదు.
సునీత గీసిన మొదటి వృత్తం
తెర అవతలికి పోయి
సగమే కనవడ్డది.
"చుట్టు అటుదిక్కు కూడ ఉంది సార్," అన్నది,
గోడను చూపెట్టుకుంట.

బెల్లు కొట్టినంక
ఓదెలు చీటి కింద
నేనొక వరుస కలిపిన:
అరవైనాలుగువి తేకున్రి.