ఊరికే పెట్టిన రాయి

ఎర్రగుంట్లలో పాలీషు మిషన్లు ఆగినాక
చెవుల్లో ఇంకా కాసేపు రాయి కోస్తానే ఉంటారు.
అప్పుడొస్తాడు ఖాజావలి.
తలకు చుట్టిన తువ్వాల విదిలిస్తే
షెడ్డంతా బూడిదరంగు పొడి.

మా పలక
అంచు విరిగి అమ్ముడుపోని నల్లబండ.
నిలువు పందొమ్మిది, అడ్డం పందొమ్మిది
కట్టరు పెట్టి గీతలు నేనే గీసినా.
పదమూడో గీత రొంత వంకర.
ఇద్దరం ఒప్పుకున్నాం దాన్ని.
నల్లకాయలు బండల చెక్కు,
తెల్లవి పెన్నలో ఏరిన పలుగురాళ్లు.

సిమెంటు ఫ్యాక్టరీలో బట్టీ బిగించను వచ్చిన చైనా మేస్త్రీ
ఏడాదుండి, ఈ ఆట మాకు విడిచిపెట్టి పోయినాడు.
ఆయప్పకు మన మాట రాదు.
రాయికి నాలుగు దిక్కులా ఊపిరుంటాదని
వేలితోనే చెప్పినాడు.
నాలుగూ మూసి, రాయిని ఎత్తి పక్కన పెట్టి
తన ముక్కు తానే పట్టుకొని చూపించినాడు.

ఖాజావలి మూలకాడ ఒక రాయి పెడతాడు
ఊరికే పెట్టినట్టు,
ఆవలిస్తా, టీ పిల్లోడు యాడున్నాడో చూస్తా.
తోడు లేని రాయి. వెనక దన్ను లేదు.
తీసుకోక్కా అన్నట్టు ఉంటాది.

మొదటిసారి తీసుకున్నా.
రెండు రాళ్లు చేతికొచ్చినాయి.
తలెత్తి చూస్తే నావి ఏడు
ఒకదాన్నొకటి తొక్కుకుంటా గోడవార ఇరుక్కోనుండాయి.
ఒక్కో మెట్టూ నిచ్చెన వేసుకుంటా
అవతలి అంచు దాకా తరిమినాడు.

రెండోసారి తెగించి నడిమికి కోసినా.
కోపంతో పెట్టిన రాయి బరువు.
పెట్టినచోట్నించి కదల్లేదు.
ఆ రాత్రి మిద్దెమీద పండుకొని
కండ్లు మూసినా మూలే,
తెరిచినా మూలే.

నా పని బండల కొలత రాసేది.
బేతంచెర్లనించి వచ్చే బేరగాడొకాయన
బండ రంగు బాగలేదని గట్టిగా అరుస్తాడు.
ఆయన అరిచే పక్కకు మనం చూస్తామా,
ఈ పక్క టేపు కొస అంగుళం జారతాది.
పదేండ్లు పట్టింది నాకు
అరుపు వినకుండా టేపు కొస మీద బొటనవేలు పెట్టను.
గొడవ పడను, పేరు పెట్టి తిట్టను.
బొటనవేలు పెడతా. అంతే.

మూడోసారి అదే రాయి, అదే ఆవలింత.
తినలే. కొయ్యలే.
నా రెండు రాళ్ల నడుమ ఇంకోటి పెట్టినా,
తెగబోయే గెనిమకు పారెడు మన్నేసినట్టు.
ఏమీ అందం లేని ఎత్తు.
టీ పిల్లోనికి కూడా నచ్చలే.

ఖాజావలి ఆవలింత సగంలో ఆగింది.

మూల అతనికే పోయింది, నాలుగు గళ్లు.
బయట గాలంతా నాది.
చివర లెక్కేస్తే మూడు గళ్లు మిగిలినాయి నాకు.
మూడే.
మాయకు సరైన జవాబు చెప్తే వచ్చేది అంతే.
ముప్పై కావాలని చెయ్యి చాపితే
మల్ల అతని వలలోకే.

ఇంటికి పోతా పోతా నాలో నేనే నవ్వుకున్నా.
అక్కడుంది నా తప్పు.

బేస్తవారం నాడు
అతను మూలకాడ ఒక రాయి పెట్టినాడు.
మామూలు ఎత్తు. అందరూ పెట్టేదే.
నేను టీ చల్లారబెట్టుకొని వెతికినా
దీని అడుగున ఏముందా అని.
ఎవరూ రాని వాకిలికి రెండు గొళ్లేలు బిగించినా.
ఆ లోపల అతను పక్కవార, నడిమి, కింద
పొలాలన్నీ నెమ్మదిగా దున్నుకున్నాడు.
పదకొండు గళ్లు పోగొట్టుకున్నా.

"అక్కా, అది నిజంగా ఊరికే పెట్టినా" అన్నాడు,
రొంత బాధగానే.

రాళ్లన్నీ డబ్బాల్లోకి ఏరతాంటే
పొడి పట్టి నల్లదీ తెల్లదీ ఒకటే రంగు.
ఒక్కొక్కటే ఊది వేరు చేసినాం.
పలక మల్ల ఖాళీ.

ఖాజావలి మూలకాడ ఒక రాయి పెట్టి
ఆవలించినాడు.
రెండు షిఫ్టులు చేసొచ్చినాడు పాపం.
నిద్రే వచ్చిందేమో.