నక్షాలో వానకి గీత లేదు

వాల్దీవియాలో వాన మొదలవడం అంటూ ఉండదు.
ఆగినప్పుడు మాత్రం జనం తలెత్తి చూస్తారు,
ఎవరో మాట మధ్యలో ఆపేసినట్టు.

ఆ ఊరి ఆస్పత్రికి కొత్త వార్డు గీసింది నేనే.
మూడు పొరల గాజు, రెండు పొరల దూది,
చప్పుడు చొరబడని కప్పు.
బయట జూలై కుండపోతగా కురుస్తుంటే
లోపల ఇరవై రెండు మంచాలు
బీరువాలో సీసాల్లా ఉండేవి.
బహుమతి కూడా ఇచ్చారు దానికి.
ఎవరికీ నిద్ర పట్టలేదు.

"మాత్రలు పెంచాం" అంది డాక్టరు.
"దీపాలు తగ్గించాం" అన్నాడు మేనేజరు.
ఎనిమిదో మంచం మీది ఎవారిస్తో,
నలభై ఏళ్లు పడవలకి తారు పూసినవాడు,
పదకొండు రాత్రులుగా కప్పుకేసి చూస్తున్నాడు,
అక్కడేదో రాసుండి చెరిపేసినట్టు.

నాకు చెప్పింది ఎల్విరా కట్రిలెఫ్.
రాత్రిపూట నేల తుడుస్తుంది.
కర్ర మీద గడ్డం ఆనించి
నా చదువునంతా ఒకసారి ఎగాదిగా చూసి:
"పాత వార్డుకి రేకుల కప్పు ఉండేది కదమ్మా.
వాన పడుతుంటే తెలిసేది.
మనం లోపల ఉన్నామని తెలిసేది.
ఇప్పుడు వీళ్లకి తామెక్కడున్నారో తెలియడం లేదు."

ఆ రాత్రి ఇంటికెళ్లి నక్షా పరిచాను.
గోడకి గీత ఉంది. పైపుకి గీత ఉంది.
మంట లేస్తే పారిపోయే దారికి ఎర్రగీత ఉంది.
వానకి లేదు.
ఏడాదిలో సగం రోజులు ఈ ఊళ్లోనే కాపురముండే మనిషిని
నేను లెక్కలోంచి వదిలేశాను.

తర్వాతదంతా దరఖాస్తులు.
మట్టి అంటే క్రిములన్నారు.
చెట్టు అంటే వేర్లన్నారు, వేర్లంటే పగుళ్లన్నారు.
చప్పుడంటే ఫిర్యాదులన్నారు.
కనేలో మొక్కలు ఆరడిగితే రెండిచ్చారు.
ఎల్విరా తాతలు దండం పెట్టుకున్న చెట్టు,
కాగితంలో "అలంకరణ" అనే పద్దు కింద చేరింది.
ఆ మాట మీద నేను గొడవ పడలేదు.
ఒక్కోసారి చెట్టు కూడా దొంగదారినే రావాలి.

వసారా కప్పు విప్పి జింకు రేకు వేశాం.
మేకులు కొట్టే కుర్రాడు నికానోర్
"ఎంత గట్టిగా వినబడాలి?" అని అడిగాడు.
నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు ఆ కొలత.
ఎల్విరాని పిలిపించాం.
వాడు పైనుంచి గొట్టంతో నీళ్లు వదిలాడు,
ఆమె కింద కళ్లు మూసుకుని నిలబడింది.
"ఇది వడగళ్లు. తగ్గించు."
రేకు కింద పల్చటి చెక్కలు దూర్చాం.
"ఇది మొహమాటపు వాన. ఇంకొంచెం."
నాలుగోసారికి ఏమీ అనలేదు.
కర్ర తీసుకుని పనిలోకి వెళ్లిపోయింది.

మొదటి వాన రాత్రి నేనూ అక్కడే ఉన్నాను.
కిటికీ కింది రెక్క నాలుగు వేళ్ల మేర తెరుచుకుంది.
తడిసిన ఆకుల ఘాటు, ఏటి బురద,
ఎవరింటి పొయ్యిలోదో కట్టెల పొగ.
ఫినాయిలు ఒక్క అడుగు వెనక్కి తగ్గింది.
ఎవారిస్తో మెల్లగా మెడ తిప్పి
"పడవ కట్టేశారా?" అన్నాడు.
"కట్టేశాం" అంది ఎల్విరా, ఏ పడవో అడక్కుండా.
తెల్లారేదాకా గురక.

అందరూ బాగయ్యారని చెప్పను.
మూడో మంచం ఆ వారమే ఖాళీ అయింది.
చివరి మధ్యాహ్నం ఆవిడ
దుప్పటి మీద ఒక వేలితో
చినుకులతో పాటు కొడుతూ ఉందట,
చినుకులు తగ్గాక కూడా కాసేపు.

ఇంతకీ ఒక అతుకు దగ్గర కారుతోంది.
నా తప్పే. వాలు సరిపోలేదు.
బాగుచేయమని నోటీసు వస్తే సంతకం పెట్టాను.
నికానోర్ నిచ్చెన మోసుకుని వెళ్లేసరికి
కింద ఒక ఎనామెల్ గిన్నె,
దాని చుట్టూ చక్రాల కుర్చీలు మూడు.
టక్.
తర్వాతి చుక్క ఎప్పుడని పందెం.
టక్.
"వచ్చే వారం రమ్మంటున్నారు" అని ఫోన్ చేశాడు.
"ఎవరు?" అన్నాను.
వాడు ఫోన్ అలా పట్టుకుని నిలబడ్డాడు,
నాకు వినబడాలని.