నలభై మూడో పేరు

కరీంనగర్ బైపాసు మీది గ్రానైటు ఫ్యాక్టరీల
పేర్లు చెక్కుడు నా పని.
చదువుడు కాదు.

గా దేశపోళ్ల అక్షరాలు నాకు రావు.
ఎక్కడ లోతు, ఎక్కడ పలుచన,
ఏ కొన కాడ ఉలి ఆగాలె, గంతే ఎరుక.
ఏడడుగుల రాయి. నలభై మూడు పేర్లు.
రెండొందల ఏండ్ల కిందటి లడాయి అట,
ఒక్క ఊరికెల్లి పోయిన మంది అట.
ఇన్నొద్దులకు యాదికచ్చిండ్రా అంటె
కంప్యూటర్ కాడ కూసునే నస్రీన్ నవ్వింది.

ఆమెనే చెప్పింది,
పటాలంల తీసుకునేటప్పుడు
ముందుగాల పండ్లు చూసేటోళ్లట,
అంగట్ల ఎడ్లను చూసినట్టు.
కాయితం పొట్లం పండ్లతోని చింపాలె,
మందు గొట్టంల పొయ్యాలె, గుండు దించాలె,
గజం కడ్డీతోని కూరాలె.
నోరంతా సురేకారం ఉప్పన. దూప.
పోవుడు ఇష్టం లేనోళ్లు
ఇంటెనుక రాయి తీసుకొని
తమ పండ్లు తామే రాలగొట్టుకున్నరట.

మా తాత పోశాలుకు ఒక బర్మారు ఉండె.
మందు, పీచు, గుండు, గజం, మల్లా మందు.
ఒక్క దెబ్బ పేలిస్తె తాటిచెట్టంత పొగ,
ఎవలకు తాకిందో కనవడది బిడ్డా, అనెటోడు.
ఎవల మీద పేల్చినవే అంటె మాత్రం
చుట్ట ముట్టిచ్చుకునెటోడు.
పింఛను లిస్టుల ఆయన పేరు రాలే.
సాక్షులు కావాలన్నరు.
సాక్షులందరు గా పొగలనే ఉండిరి.

మందు అంటె మాకు ఒక్కటే మాట.
దవాఖాన్ల ఇచ్చేది మందే,
రాత్రి సీసల ఉండేది మందే,
క్వారీల బొక్కలు కొట్టి కూరేది
తుపాకిల పోసిన గా నల్ల మందే.
గీ రాయి గుట్టను ఇడిసింది గా దెబ్బకే.
ఓదేలు సుత.

దిమ్మె జారిన పొద్దు ఓదేలు కిందున్నడు.
హాజరు బుక్కుల మాత్రం
ముందురోజే పని ఇడిసి పోయిండని ఉంది.
పెండ్లాం లచ్చవ్వ గా బుక్కు చూస్తనని మూడుసార్లు అచ్చింది.
ఆమెకూ అక్షరాలు రావు.
అయినా చూసింది,
వేలు పెట్టి, గీత గీతకు.

రాయి అయిపోయింది.
మెరుగు పెట్టినం, చెక్కపెట్టె గూడ కొట్టినం.
గప్పుడచ్చింది మెయిలు.

నలభై మూడోడు సావలేదట!
యోస్ట్ హెనింగ్.
లడాయి నడుమ పొగల జొచ్చి ఉరికిండట,
ఇంకో ఊర్ల పేరు మార్చుకొని
రొట్టెల భట్టి పెట్టుకొని
ఎనభై దాకా బతికిండట.
చర్చి పాత కాయితాలల్ల దొరికిందట.
వాని పేరు తీసెయ్యుండ్రి అని రాసిండ్రు.

రాయి మీద తీసుడంటె పలక తుడుసుడు కాదు.
ఒక్క పేరు పోవాలంటె
మొఖమంతా ఐదు మిల్లీమీటర్లు అరగాలె.
ఇంతియాజ్ సాబ్ నెత్తి పట్టుకున్నడు.
నేను నవ్విన. కడుపు నొచ్చేదాక నవ్విన.
ఉరికిండా వాడు!
పండ్లుండెనా వానికి ఆఖరుదాక?
గది రాయలేదన్నది నస్రీన్.

మిషను పెట్టినం. నీళ్లిడిసినం.
ఒక్కడు బతికినందుకు
నలభై రెండు మంది మల్లొకసారి పోయిండ్రు,
బురదై, నా కాళ్ల నడుమకెల్లి,
మోరీల వడి.

మల్లా మొదటి పేరు కాన్నుంచి మొదలువెట్టిన.
కొత్త నక్షల నస్రీన్ వరుసలు జరిపింది,
ఎవడన్న తక్కువైండని తెల్వకుండ.
ఒక పేరుకు జాగ ఇడుస్తవా అని
అడుగుదామనుకున్న. అడుగలే.

లారీ ఎల్లిపోయిన తెల్లారి
లచ్చవ్వ నాలుగోపారి అచ్చింది.
గేటు కాడ ఎండిన బురద తొక్కుకుంట
మడిమల దాక తెల్లగయి
ఆఫీసు మెట్ల మీద నిలవడ్డది.

గా బుక్కు, అన్నది,
ఇంకోపారి చూపియ్యుండ్రి.