గేటు చప్పుడు

గుత్తిలో బోర్లు ఎండినాక
మోటార్లు చుట్టే మా ఆయన చేతిలో పనీ ఎండింది.
ఈడ రొయ్యల చెరువుల్లో చక్రాలు తిప్పే మోటార్లు
రాత్రికి రెండన్నా కాలతాయని ఎవరో చెప్తే
రైలెక్కినాం.
నీళ్లు లేని చోట నేర్చిన విద్యకు
నీళ్ల నడుమ గిరాకీ.

పాప లెక్కల నోటు వెనక పేజీలో గీతలు గీసినా:
అద్దె, అడ్వాన్సు, బడి, ఆసుపత్రి, తాగే నీళ్లు.
ఊర్ల పేర్లు ఎడంపక్క, ఒకదాని కింద ఒకటి.

భీమవరంలో అద్దె విని
మా ఆయన చెప్పులు విడవకుండానే వెనక్కి తిరిగినాడు.
తణుకులో బడి బాగుంది.
బడి కంటే ఫీజు ఇంకా బాగుంది.
పాలకొల్లులో ఒక మేడ మీద వాటా,
కిటికీ తీస్తే కాలువ, కాలువ నిండా గుర్రపుడెక్క,
కొబ్బరి మట్టల నీడ పొయ్యి దాకా వచ్చే వంటిల్లు.
పాప అప్పుడే గోడకు వీపు ఆనించి
పెన్సిలుతో ఎత్తు గుర్తు పెట్టుకుంది.
ఇంటాయన కాఫీ ఇప్పించినాడు. పేరడిగినాడు.
కుళ్లాయప్ప, అన్నాడు మా ఆయన.
అడక్కుండానే మా అత్త పేరు హుసేనమ్మని
నేనెందుకు చెప్పినానో నాకే తెలీదు.
"అంటే... ఏవిట్లండీ మీరు?"

మా దిక్కు పీర్లకు మొక్కుకుంటే పుట్టిన బిడ్డలకు
ఏ ఇంట్లోనైనా అవే పేర్లు.
గుండం తొక్కే కాలిని
నిప్పు ఏవిట్లని అడగదు.
ఇదంతా ఒక కాఫీ చల్లారేలోపల ఎట్లా చెప్పేది?
"మా తమ్ముడొస్తానంటున్నాడండీ ఈ వాటాలోకి,
ఏవనుకోకండే" అన్నాడాయన,
ఎంత మర్యాదగా అంటే
మెట్లు దిగేదాకా మాకు కోపం రాలేదు.

నోటులో ఇంకో గీత గీసినా.
దానికి పేరు పెట్టలేదు.
పాప మాత్రం ఆ గోడ మీది గుర్తును తుడిచి రాలేదంట,
బస్సులో చెప్పింది.

రైలు ఆగిపోయే ఊరు నరసాపురం.
పట్టాలు అంతటితో సరి.
రేవులో పంటు కోసం నిలబడ్డ జనంలో
లేసు మూటలవాళ్లు, వలలవాళ్లు, బురఖా తల్లి చంకలో నిద్రపోయే బిడ్డ,
చర్చి గంటకు వాచీ సరిచేసుకునే ముసలాయన.
నేను గట్టిగానే అరిచినా, "యాడికి పోతాండావే పాపా!"
ఒక్క తల తిరగలేదు.

ఇంటామె అన్నమణి, ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు రాత్రి డ్యూటీలు చేసి రిటైరైంది.
అద్దె మూడు వేల ఐదొందలు.
బోరు ఉప్పు. గోడలు మోకాలెత్తు దాకా చెమ్మ.
ఆమె అడిగింది ఒకటే:
"అర్ధరాత్రి చెరువులకెళ్తాడన్నారు, గేటు చప్పుడవుతుందా?
నాకు నిద్ర పట్టి చాలా ఏళ్లయిందమ్మా."
అడ్వాన్సు ఇంకా చేతిలో ఉండగానే
మా ఆయన సంచిలోంచి గ్రీజు తీసి
గేటు బందులకు పూసినాడు.

ఇప్పుడు పాప పిల్లిని కూడా "రండి" అంటుంది.
నాకు జొన్నపిండి దొరకదు, దొరికితే పురుగు.
కొన్ని రాత్రులు ఈ తడి గాలిలో
ఎండిన ఊరి దుమ్ము కోసం ముక్కు వెతుకుతుంది.

నిన్న పక్క వాటా చూసుకోను ఒక జంట వచ్చింది,
బరంపురం అవతల నుంచి,
ఒక ఫ్యాను, రెండు సంచులు, తలుపు వెనక దాక్కునే పిల్లోడు.
అన్నమణిగారు నిద్రపోతాంటే
లేపబుద్ధి కాక నేనే తాళం తీసినా.
ఆయన తన పేరు చెప్పినాడు.
ఆ పేరును ఏ గూట్లో పెట్టాలో నాకు తెలియలేదు.
"అంటే..." అన్నా.
అచ్చం పాలకొల్లు యాస.
ఆమె కొంగు సర్దుకుంది.
జవాబు కూడబలుక్కునే ఆ ముఖం
నాకు తెలిసిన ముఖమే.

"అంటే, ఈడ నీళ్లు ఉప్పండీ" అన్నా.
"తాగడానికి టిన్ను ఇరవై.
గేటు మాత్రం
మెల్లగా."