పద్నాలుగో నిమిషం

చినవాల్తేరులో, కళ్లజోళ్ల షాపు పైన నా గది.
కిటికీ తెరిస్తే సముద్రం కనపడదు,
ఉప్పు మాత్రం వస్తుంది.
కాగితాలు మెత్తబడతాయి. ఫ్యాను రెక్కలు తుప్పుపడతాయి.
ఈ ఊళ్లో ఏ ఇనుమూ చాలాకాలం తనలా తాను ఉండదు.

నూకరత్నం ప్రతి గురువారం వచ్చేది.
(ఆమె పేరు అది కాదు. ఈ పేరు కూడా నేనే పెట్టాను.)
హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాసేది.
నిద్ర లేదంది. మెడ వెనక ఎవరో ఊదినట్టుంటుందంది.
"అడుగున ఏటో ఉందండి మేడమ్. అందట్లేదు."

కళ్లు మూసుకోమన్నాను.
మెట్లు దిగమన్నాను, ఒక్కొక్కటే, పది.
కింద ఒక తలుపుంటుంది, తెరువు, అన్నాను.
తలుపు నీలం, అంది.
లోపల డీజిలు వాసన. తడి వలల కుప్ప.
మూడో గురువారానికి వలల మీద ఒక చెయ్యి.
ఆరో గురువారానికి ఆ చేతికి ఒక పేరు:
పైడిరాజు, చినమావ.

ఆ రోజు ఆమె ఏడ్చిన ఏడుపుకి కింద షాపువాడు పైకొచ్చాడు.
నాకు లోలోపల గర్వంగా ఉండింది, దాచుకోను.
పూడిక తీసి నీళ్లు చూసినవాడి గర్వం.

తర్వాత పెదజాలారిపేటలో ఒక ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి.
తల్లి కూతురితో మాట్లాడదు, తమ్ముడికి అన్నం పెట్టదు,
తను తినదు.
ఒక మధ్యాహ్నం పైడిరాజు వచ్చాడు. మెట్లెక్కలేదు.
చెప్పులు చేత్తో పట్టుకుని కిందే నిలబడ్డాడు.
"నానెరగనమ్మా.
ఎరగనని ఎలాగ సూపించాల? మీరే సెప్పండి."
నేను చెప్పలేదు.
దోషి కూడా అచ్చం అలాగే అడుగుతాడని
నాకు నేర్పారు.

సెమినారు హాల్లో ఒక పెద్దాయన అన్నాడు:
మనసు పాతిపెడుతుంది, తవ్వితే దొరుకుతుంది.
ఇంకొకావిడ లేచింది:
మనసు పాతిపెట్టదండీ, అడిగినప్పుడల్లా కొత్తగా వండుతుంది.
ఇద్దరూ గణాంకాలు చూపించారు.
ఇద్దరి ప్లేట్లలోనూ సమోసాలు చల్లారిపోయాయి.

హుద్‌హుద్ నాడు ఎదురింటి డాబా మీంచి
నల్లటి నీళ్ల ట్యాంకు లేచి గాల్లో తేలడం నేను చూశాను.
ఎంతమందికి చెప్పానో.
మొన్న చెల్లెలంది: అక్కా, ఆ వారమంతా నువ్వు రాయపూర్‌లో ఉన్నావు,
ఫోను కలవక నీకోసం నేనే కదా ఏడ్చింది.
నిజమే. టికెట్లున్నాయి.
అయినా ట్యాంకు ఎగురుతూనే ఉంది,
మూత లేకుండా, చాలా నెమ్మదిగా.

ఆ రాత్రి రికార్డింగు తీశాను. మూడో గురువారం.
ఫ్యాను చప్పుడు. బస్సు హారను. ఆమె ఊపిరి.
వాసన, అంది. వలలు, అంది. చీకటి, అంది.
పద్నాలుగో నిమిషంలో నా గొంతు,
ఎంతో మెత్తగా:
"ఆ చెయ్యి ఎవరిది?"

అప్పటిదాకా ఆమె చెయ్యి అనలేదు.
వెనక్కి తిప్పాను. మళ్లీ విన్నాను. అనలేదు.
ఇందులో నా చెయ్యి ఉంది.

అంతమాత్రాన జరగలేదని కాదు.
చిరుగుల వలలోనూ నిజం చేపే పడొచ్చు.
పడకపోనూ వచ్చు.
నా దగ్గర ఇంతకుమించి తూనిక లేదు,
ఉందన్నవాళ్లని ఇప్పుడు నమ్మను.

తర్వాతి గురువారం ఆమెకే వినిపించాను.
చాలాసేపు ఫోను వంకే చూసింది.
తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.
"మరి తలుపండి?"
తలుపు నేనే అన్నాను, నూకరత్నం. నీలం నువ్వన్నావు.
"అయితే నీలం నాదేనండి."
ఫీజు లెక్కపెట్టి బల్ల మీద ఉంచింది,
వద్దంటున్నా.

మా మెట్లు పదిహేడు.
ఆమె దిగుతుంటే వింటూ నిలబడ్డాను.
పదో మెట్టు మీద అడుగు ఒక్క క్షణం ఆగింది.
ఆగిందనే నాకు గుర్తు.