బెల్లం రసీదు వెనక

బుధవారం రాత్రి, బోద కొట్టంలో తొమ్మిది మందిమి.
లాంతరు కాడ సుగుణరాజు అయ్యవారు
పాతకాలం జాబొకటి చదివినాడు.
సముద్రానికి ఆ పక్క ఏదో ఊర్లో
ఒకరింట్లో భయంభయంగా కూడుకునేవాళ్ళకి
దూరాన్నుంచి ఎవరో ధైర్యం చెప్తా రాసింది.

విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తా ఉన్న గుర్రమ్మవ్వ
చెయ్యి ఆపింది.
"అయితే అయ్యా, దానికి వాళ్ళు జవాబు రాసినారా?"

అయ్యవారు పేజీ తిప్పినాడు. మళ్ళీ వెనక్కి తిప్పినాడు.
"రాసే ఉంటారవ్వా. మన దాకా రాలేదు."

అవ్వకి అది నచ్చలేదు.

ఆ వారమే కబురొచ్చి ఉంది
ఏటవతలి ఈతమాకులపల్లి నుంచి.
కొత్తగా మునిగిన నాలుగిండ్లోళ్ళని
ఊరబావి మెట్టు తొక్కద్దన్నారంట.
కౌండిన్య ఇసకలో చెలమ తోడుకుంటా
సొంతానికి బావి తవ్వుతా ఉండారంట.
మట్టి చేదను తాడు లేదంట.

"రాయి అయ్యా. మేం బాగుండామని రాయి.
అబద్దమే, అయినా రాయి.
పోయినేడు మాకూ ఇట్లే చేసినారని,
మేమూ ఏడ్సినామని...
వద్దు, ఏడ్సింది కొట్టెయ్.
కాదులే, ఉండనీ.
ఏడ్సినామంటేనే నమ్ముతారు."

కాగితం లేదు.
చిత్తూరు మండీలో బెల్లం అమ్మిన రసీదు
నాయన జేబులోంచి తీసిచ్చినాడు.
దాని వెనక ఎక్కినాయి అందరి మాటలూ.
ఎలీషా మామకి మాటలు రావు,
"నలభై మూరల తాడు అని రాయి" అన్నాడు.
కొత్త కాపురం సువార్తమ్మ
ఉన్న రెండు కడవల్లో ఒకటి తెచ్చి పెట్టి,
"తిరిగియ్యబల్లేదని రాయి," అని
మొగుడి మొకం చూసింది.
మొగుడు లాంతరు వత్తి సవరిస్తా ఉన్నాడు.

తెల్లారక ముందే నేను మోసినాను.
తాడు ఒరుసుకుని భుజం మండింది.
జాబు బరువేం లేదు.

ఆడ చదవనేర్చినోడు ఒకే ఒక పిల్లోడు.
రసీదు తిరగేసి పట్టుకుని
"బెల్లం, రెండు మణుగులు, తరుగు పోను..." అని
గట్టిగా మొదలుపెట్టినాడు.
గుంతలో ఉన్నోళ్ళు పార ఆపి
తలలొంచుకుని విన్నారు, తరుగుతో సహా.
ఎవురో ఆమేన్ అన్నారు కూడా.
నవ్వు ఆపుకోను నాకు చేతకాలేదు.
తర్వాత వాళ్ళకీ.

జవాబు రాలేదు.
చెనిక్కాయ పెరికినారు, కట్టె కొట్టినారు,
అయ్యవారికి చలిజరమొచ్చి తగ్గింది.

మాఘంలో ఎవరో తాడు తెచ్చి
కొట్టం గుంజకి తగిలించి పోయినారు.
అవ్వ మోచేత్తో మూరేసి కొలిచింది.
నలభై. నలభై ఒకటి.
కొస కాడ కొత్త నార, ఇంకా పచ్చివాసన,
నలభై ఆరు.

ఏమీ అనలేదు.
చుట్ట చుట్టి తీసకపోయి
అయ్యవారి ఒళ్ళో పెట్టింది.

"చదువు," అనింది.